రెండు దేశాలు.. 45 రోజులు: ఎక్కడ ఎన్నాళ్లు?

మేలో ఆఖరి సెమిస్టర్ పరీక్షలు అయిపోతాయి. క్యాంపస్‌లో ఎంపికైనవారికి జాయినింగ్ జులైలోనో, ఆగస్టులోనో ఉంటుంది. మిగతావారు ఇంటర్వ్యూ కాల్స్ కోసం, నోటిఫికేషన్ల కోసం ఎదురుచూస్తుంటారు. మధ్యలో దొరికే ఆ నెలన్నర తీరిక మళ్లీ ఎప్పుడొస్తుందో చెప్పలేం. ఒకసారి కొలువులో చేరాక వరసగా పది రోజులు సెలవు దొరకడమే గగనం. అందుకే స్టైపెండ్‌లో దాచుకున్నదో, ట్యూషన్లు చెప్పి కూడబెట్టిందో పట్టుకుని బ్యాగు భుజానికేసుకుందాం అనుకునేవాళ్లు ప్రతి క్లాసులోనూ ఒకరిద్దరు కనిపిస్తున్నారు.

వాళ్లలో చాలామంది చూపు వియత్నాం, థాయ్‌లాండ్‌ల మీదే. మరీ దూరం కావు, ఖర్చు మరీ భయపెట్టదు. ‘ఎలాగూ అంత దూరం వెళ్తున్నాం కదా, రెండూ చూసేద్దాం’ అనుకున్నాకే అసలు చిక్కు మొదలవుతుంది. ఎక్కడ ఎన్ని రోజులు? సాధారణంగా వేసే లెక్క సగం సగం. 45 రోజుల్లో 22 అక్కడ, 23 ఇక్కడ. కాగితం మీద న్యాయంగానే కనిపిస్తుంది. కానీ రోజుల్ని పంచాల్సింది దేశాలకు సమానంగా కాదు, మీ అవసరానికి తగ్గట్టు. ఆ లెక్క ఎలా వేయాలో చూద్దాం.

ముందు తీసివేతలు

45 రోజులూ మీ చేతిలో ఉండవు. హైదరాబాద్ నుంచి వెళ్లడానికి ఒకటి, రావడానికి ఒకటి, ఒక దేశం నుంచి మరో దేశానికి మారడానికి ఒకటి.. మూడు రోజులు ప్రయాణాలకే పోతాయి. విమానం గంటన్నరే అయినా హాస్టల్ ఖాళీ చేయడం, ఎయిర్‌పోర్టు, ఇమిగ్రేషన్ క్యూ, కొత్త సిమ్, కొత్త కరెన్సీ కలిపితే రోజు గడిచిపోతుంది.

తర్వాత వారానికో విశ్రాంతి రోజు. ఇది బద్ధకం కాదు. బట్టలు ఉతుక్కోవాలి, ఇంటికి తీరిగ్గా ఫోన్ చేయాలి, జాబ్ పోర్టల్స్ చూసుకోవాలి, అప్లికేషన్లు పంపాలి. ఆరు వారాలకు ఆరు రోజులు. ఇక మిగిలింది 36. పంచుకోవాల్సింది ఈ 36నే. ఈ తీసివేత చేయకుండా ప్లాన్ వేసుకున్నవాళ్లే మూడో వారానికి నీరసపడి ‘ఇంటికెళ్లిపోదాం రా’ అంటుంటారు.

పొడవు దేశం.. కూడలి దేశం

ఇప్పుడు మ్యాప్ తెరవండి. వియత్నాం సన్నగా, పొడవుగా ఉంటుంది. ఉత్తరాన హనోయ్ నుంచి దక్షిణాన హో చి మిన్ సిటీకి రైలు మార్గం 1,726 కిలోమీటర్లు. ఆగకుండా వెళ్లినా 30 గంటలకు పైనే పడుతుంది. చూడాల్సినవన్నీ ఆ గీత వెంటే వరసగా ఉంటాయి. అంటే ఒక కొసన మొదలుపెట్టి రెండో కొసన తేలాలి. మధ్యలో వెనక్కి రావడం దండగ. ఇలాంటి దేశాన్ని పది రోజుల్లో చూడాలంటే బస్సు కిటికీలోంచే చూడాలి.

థాయ్‌లాండ్ తీరు వేరు. అక్కడ బ్యాంకాక్ ఓ కూడలి. ఉత్తరాన చియాంగ్ మాయ్‌కి వెళ్లాలన్నా, దక్షిణాన దీవులకు వెళ్లాలన్నా అక్కడి నుంచే రాత్రి రైళ్లు, బస్సులు. ఒక దిక్కు మాత్రమే చూసి వచ్చినా ట్రిప్పు అసంపూర్తిగా అనిపించదు. హైదరాబాద్ నుంచి బ్యాంకాక్‌కి నేరుగా విమానాలున్నాయి. రేపు ఉద్యోగంలో చేరాక ఓ లాంగ్ వీకెండ్‌కి రెండు సెలవులు కలుపుకొన్నా వెళ్లిరావొచ్చు.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. వారం సెలవులో చూడగలిగే దేశానికి ఇప్పుడు తక్కువ రోజులివ్వండి. ఉద్యోగం వచ్చాక దొరకని తీరికను అడిగే దేశానికి ఎక్కువ రోజులివ్వండి. ఏ దేశం గొప్పదన్న వాదనకు ఇక్కడ పనిలేదు. మీకు ఇప్పుడున్న, రేపు ఉండని వస్తువు సమయం. దాన్ని ఎక్కడ ఖర్చుపెడితే లాభమో చూడటమే.

జూన్ వాన ఎక్కడ?

మన విద్యార్థులకు దొరికే సమయం మే చివర నుంచి జులై మొదటి వారం వరకు. ఫొటోల్లో చూసే థాయ్‌లాండ్ నీలి సముద్రం చాలావరకు డిసెంబరు, జనవరి నాటిది. జూన్‌లో నైరుతి రుతుపవనాలు మనకంటే ముందే అక్కడికి చేరతాయి. ఫుకెట్, క్రాబీ ఉన్న అండమాన్ సముద్రం వైపు అలలు ఎగిసిపడుతుంటాయి. అక్కడి సిమిలాన్ దీవుల నేషనల్ పార్కును మే మధ్య నుంచి అక్టోబరు మధ్య వరకు మూసే ఉంచుతారు. అదే గల్ఫ్ వైపున్న కో సముయ్, కో ఫంగాన్, కో టావ్ దీవుల్లో ఈ నెలల్లో వానలు కాస్త తక్కువ. దీవి చూడాలనుంటే అటే వెళ్లాలి.

ఉత్తరాన చియాంగ్ మాయ్‌లో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పొలాల్లో, అడవుల్లో పెట్టే మంటల పొగ కమ్మేస్తుంది. జూన్ నాటికి ఆ పొగ ఉండదు. కొండలు పచ్చబడతాయి, వానకు మాత్రం సిద్ధపడాలి.

వియత్నాంలో దేశమంతా ఒకే వాతావరణం ఉండదు. జూన్‌లో మధ్య తీరం.. అంటే హ్యూ, డా నాంగ్, హోయి ఆన్.. పొడిగా, బాగా ఎండగా ఉంటుంది. అక్కడ వరదల కాలం అక్టోబరు, నవంబరుల్లో వస్తుంది. ఉత్తరాన హా జాంగ్ కొండల్లో వేసవి ముదిరేకొద్దీ భారీ వానలు, కొండచరియలు విరిగిపడటం ఎక్కువ. కాబట్టి ఆ కొండల్ని మే చివర్లోనే చూసేసి తర్వాత దక్షిణానికి దిగాలి. క్యాలెండరే దారి చూపిస్తోంది: హనోయ్‌లో మొదలు, హో చి మిన్ సిటీలో ముగింపు, ఆ తర్వాత బ్యాంకాక్.

ఏది ముందు? ఏది కోసేయొచ్చు?

ఉద్యోగార్థులకు అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. మీరు 25వ రోజున హోయి ఆన్‌లో ఉండగా హెచ్‌ఆర్ నుంచి మెయిల్ వచ్చింది: ‘జాయినింగ్ జులై 15 కాదు, జులై 1’. లేదా ఎదురుచూసిన ఇంటర్వ్యూకి నేరుగా రమ్మన్నారు. అప్పుడేం చేస్తారు?

రెండో దేశాన్ని ఎప్పుడైనా కోసేయగలిగేలా ప్లాన్ ఉండాలి. థాయ్‌లాండ్ చివర్లో ఉంటే దాన్ని కుదించడం తేలిక. తిరుగు విమానాలు ఎక్కువ, ముందే డబ్బు కట్టిన బుకింగ్స్ తక్కువ, మిగిలిపోయింది మళ్లీ చూసుకోవడమూ తేలికే. అదే వియత్నాంను చివర్లో పెట్టి సగంలో ఆపేస్తే, ఆ మిగతా సగం కోసం మళ్లీ అంత తీరిక ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. అందుకే ఎక్కువ రోజులు అడిగేది ముందు, కుదించగలిగేది వెనక. తిరుగు టికెట్ కూడా తేదీ మార్చుకునే వీలున్నదే తీసుకోండి. మార్పు రుసుము ఎంతో కొనేముందే చూసుకోండి. నాలుగొందలు తక్కువని మార్చలేని టికెట్ కొంటే, అవసరం పడినరోజు మొత్తం టికెట్ డబ్బులు పోతాయి.

వీసా లెక్క

వియత్నాం 2023 ఆగస్టు 15 నుంచి ఈ-వీసాను 90 రోజుల వరకు ఇస్తోంది. ఒక్కసారి ప్రవేశానికి 25 డాలర్లు, ఎన్నిసార్లయినా వెళ్లిరావడానికి 50 డాలర్లు. దీన్ని బట్టి రెండు విషయాలు తేల్చుకోవాలి. ఒకటి, ‘వియత్నాం- థాయ్‌లాండ్- మళ్లీ వియత్నాం’ అనుకుంటే 25 డాలర్ల వీసా పనికిరాదు. ఒకసారి బయటికొస్తే అది అయిపోయినట్టే. రెండు, రుసుము రోజుల్ని బట్టి మారదు కాబట్టి మీరు ఉండే 25 రోజులకే సరిగ్గా అడగకుండా, ముందూ వెనకా వెసులుబాటు ఉండేలా తేదీలివ్వండి. అధికారిక ప్రభుత్వ సైట్‌లోనే దరఖాస్తు చేయాలి. అచ్చం అలాగే కనిపించే ఏజెంట్ సైట్లు రెట్టింపు గుంజుతాయి. పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు, ఇంటిపేరు నింపండి. మన తెలుగువాళ్లకు ఇంటిపేరు ముందా వెనకా అన్న తికమక ఇక్కడే వస్తుంది.

థాయ్‌లాండ్ 2024 జులైలో భారతీయులకు వీసా లేకుండా 60 రోజుల వరకు ఉండే వెసులుబాటు ఇచ్చింది. ఇలాంటివి ప్రభుత్వాలు ఎప్పుడైనా మారుస్తాయి కాబట్టి టికెట్ కొనే వారంలో ఎంబసీ సైట్ తప్పక చూడండి. 2025 మే 1 నుంచి డిజిటల్ అరైవల్ కార్డు తప్పనిసరి. చేరడానికి మూడు రోజుల ముందు నుంచి ఆన్‌లైన్లో నింపొచ్చు, దానికి రుసుము లేదు. ఇమిగ్రేషన్‌లో తిరుగు టికెట్, చేతిలో డబ్బు చూపించమనొచ్చు. ఆ కాగితాలు ఫోన్లోనే కాకుండా ప్రింట్ తీసి పెట్టుకోండి.

రోజులకు కాదు.. కదలికలకే ఖర్చు

‘వియత్నాం చవక కాబట్టి అక్కడే ఎక్కువ రోజులుందాం’ అంటుంటారు. కొంతవరకు నిజమే, థాయ్ దీవుల్లో ఖర్చు ఎక్కువ. కానీ లెక్క వేసి చూడండి. వియత్నాంలో రోజుకు రూ.2,000, థాయ్‌లాండ్‌లో రూ.2,500 అవుతుందని ఉజ్జాయింపుగా అనుకుందాం. ఆరు రోజులు అటు వేస్తే 12,000, ఇటు వేస్తే 15,000. తేడా 3,000. అదనంగా ఒక్క లోకల్ విమానం ఎక్కినా ఇంచుమించు అంతే పోతుంది.

అంటే జేబుకు చిల్లు పెట్టేది రోజుల సంఖ్య కాదు, ఎన్ని ఊళ్లు మారామన్నది. ఊరు మారిన ప్రతిసారీ బస్సు టికెట్, ఆటోలాంటి బండి, ఆకలేసి ఎక్కడో తిన్న తిండి, ఓ పూట సమయం. ఒకే ఊళ్లో నాలుగు రాత్రులుంటే హాస్టల్‌లో బేరం కుదురుతుంది, చవగ్గా ఎక్కడ తినాలో తెలుస్తుంది. థాయ్ ఏటీఎంలు విదేశీ కార్డుకు ఒక్కో విత్‌డ్రాకు 200 బాట్‌కు పైనే రుసుము తీసుకుంటాయి. చిన్నచిన్న మొత్తాలు పదిసార్లు తీస్తే రెండు రోజుల భోజనం ఖర్చు ఏటీఎంకే పోతుంది.

ఇదీ 45 రోజుల పంపకం

పై లెక్కలన్నీ కలిపితే ఇలా వస్తుంది:

- ప్రయాణాలు: 3 రోజులు.
- వియత్నాం: తిరగడానికి 21, విశ్రాంతికి 4. మొత్తం 25 రోజులు. హనోయ్ 3, హా జాంగ్ కొండలు రానుపోను కలిపి 5, నిన్ బిన్ 2, గుహలకు పేరున్న ఫోంగ్ న్యా 3, హ్యూ 2, హోయి ఆన్ 4, హో చి మిన్ సిటీ 2.
- థాయ్‌లాండ్: తిరగడానికి 9, విశ్రాంతికి 2. మొత్తం 11 రోజులు. బ్యాంకాక్ 3. మిగతా 6 చియాంగ్ మాయ్‌కో, కో టావ్‌కో. రెండూ వద్దు.
- ఎవరికీ ఇవ్వనివి: 6 రోజులు.

ఆ చివరి ఆరు రోజులే ఈ ప్లాన్‌కి ప్రాణం. ఇంట్లో కూర్చుని వాటిని పంచొద్దు. హోయి ఆన్ చేరాక, అంటే సగం దూరం దాటాక నిర్ణయించుకోండి. నచ్చిన ఊళ్లో ఇంకో మూడు రోజులు ఆగిపోవచ్చు. కో టావ్‌లో నాలుగు రోజుల స్కూబా డైవింగ్ కోర్సుకు వాడొచ్చు. జ్వరమొస్తే పడుకోవచ్చు. కంపెనీ నుంచి మెయిల్ వస్తే ముందుగా ఇంటికి రావొచ్చు. ఏ బుకింగూ చెడదు.

హోయి ఆన్‌లో ఉన్నప్పుడు మీ సన్ శిథిలాలకు ఓ పూట కేటాయించండి. చంపా రాజులు 4వ శతాబ్దం నుంచి 13వ శతాబ్దం మధ్య కట్టించిన శివాలయాలవి. ఇటుక గోడల మధ్య శివలింగాలు, పానవట్టాలు, సంస్కృత శాసనాలు చూస్తుంటే మన ఊరి పాత గుడి దగ్గరున్నట్టే ఉంటుంది. శాకాహారులైతే వియత్నాంలో ‘చాయ్’ అని, థాయ్‌లాండ్‌లో ‘జే’ అని రాసున్న హోటళ్లు చూసుకోండి. లేదంటే కూరగాయల వంటకంలోనూ చేపల సాస్ పడుతుంది.

చేతిలో 30 రోజులే ఉన్నాయా? ప్రయాణాలు, విశ్రాంతి పోగా మిగిలేది సుమారు 23. అప్పుడు వియత్నాంలో ఉత్తర, మధ్య భాగాలకు 14, థాయ్‌లాండ్‌కి 6, ఎవరికీ ఇవ్వనివి 3. డా నాంగ్ నుంచే బ్యాంకాక్ విమానం చూసుకోవచ్చు. మూడు వారాల కంటే తక్కువైతే ఒక్క దేశంతోనే సరిపెట్టుకోండి. రెండో దేశం పాస్‌పోర్టు మీద ముద్రకే మిగులుతుంది.

పంపకం తిరగబడే సందర్భాలూ ఉన్నాయి. డైవింగో, ముయ్ థాయో నేర్చుకోవడమే మీ లక్ష్యమైతే థాయ్‌లాండ్‌కి 25 ఇచ్చి, వియత్నాంలో ఒక ప్రాంతానికే పరిమితం కండి. బస్సులో ఆరు గంటలు కూర్చుంటే వాంతులయ్యేవారికీ ఇదే మేలు.

మూడో దేశం ఆశ

హాస్టల్లో ఎవరో ఒకరు అంటారు: ‘‘మావా, ఇంత దూరం వచ్చి లావోస్ చూడకపోతే ఎట్లా? పక్కనేగా!’’ పక్కనే, నిజమే. కానీ మూడో దేశం అంటే ఇంకో వీసా, ఇంకో కరెన్సీ, ఇంకో సరిహద్దు, కనీసం రెండు రోజుల ప్రయాణం. ఎవరికీ ఇవ్వని ఆ ఆరు రోజుల్లోంచే అవి పోవాలి. కాలక్షేపానికి కాదు, నిజంగా చూడాలనుంటేనే థాయ్‌లాండ్ స్థానంలో లావోస్ పెట్టుకోండి. మూడూ కలిపి కాదు.

బైక్ తాళం తీసుకునే ముందు

హా జాంగ్ కొండల చుట్టూ 350 కిలోమీటర్ల దారిని మూడు నాలుగు రోజుల్లో బైక్‌పై చుట్టిరావడం బ్యాక్‌ప్యాకర్ల కల. ఇక్కడో చట్టపరమైన మెలిక ఉంది. మన ఆర్టీఏ ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ 1949 జెనీవా ఒప్పందం ప్రకారం ఇచ్చేది. వియత్నాం గుర్తించేది 1968 వియన్నా ఒప్పందం ప్రకారం ఇచ్చినవాటిని. అంటే మన పర్మిట్ అక్కడ చెల్లదు. బండి అద్దెకిచ్చేవాళ్లు ఏమీ అడగకపోవచ్చు. కానీ ప్రమాదం జరిగితే ‘చెల్లే లైసెన్స్ లేదు’ అని ట్రావెల్ ఇన్సూరెన్స్ కంపెనీ చేతులెత్తేస్తుంది. లోకల్ డ్రైవర్ వెనక కూర్చుని వెళ్లే ‘ఈజీ రైడర్’ పద్ధతి తీసుకోండి. ఖర్చు ఎక్కువే అయినా ఆ లోయలు చూడటానికి రెండు కళ్లూ ఖాళీగా ఉంటాయి. థాయ్‌లాండ్‌లో మన పర్మిట్ చెల్లుతుంది, అందులో టూవీలర్ ముద్ర ఉంటేనే.

ఇంకోటి. థాయ్‌లాండ్, వియత్నాం రెండింట్లోనూ ఈ-సిగరెట్లపై నిషేధముంది. చిన్న విషయమనుకున్న పోలీసు కేసు రేపు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పెద్దదవుతుంది.

‘ఇక్కడే జాబ్ ఉంది’ అంటే..

టూరిస్టుగా వెళ్లి పని చేయడం రెండు దేశాల్లోనూ చట్టవిరుద్ధం. జీతం లేకపోయినా ‘మంచం, తిండి ఇస్తాం, హాస్టల్లో పని చెయ్యి’ అన్నా చిక్కే. అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకోటుంది. ‘థాయ్‌లాండ్‌లో డేటా ఎంట్రీ, లక్ష జీతం, డిగ్రీ చాలు’ అంటూ వచ్చే ఆఫర్లు. అలా నమ్మినవారిని మే సోట్ సరిహద్దు దాటించి మయన్మార్‌లోని మ్యావడి ప్రాంతపు సైబర్ మోసాల కేంద్రాల్లో బంధించారు. 2025 మార్చిలో భారత వాయుసేన విమానాల్లో 500 మందికి పైగా మనవాళ్లను వెనక్కి తీసుకురావాల్సి వచ్చింది. వారిలో తెలుగు యువకులూ ఉన్నారు. కాబట్టి ట్రిప్పులో ఉండగా టెలిగ్రామ్‌లోనో, హాస్టల్లోనో ఎవరైనా ఉద్యోగమంటే, ‘కారు పంపిస్తాం, ఒక్కసారి ఆఫీసు చూసి పో’ అన్నా సరే, కదలొద్దు. అసలైన ఉద్యోగానికి వర్క్ వీసా ఇంటి దగ్గరున్నప్పుడే వస్తుంది.

బయల్దేరే ముందు ఇవి చూసుకోండి

- జాయినింగ్ తేదీ ఎప్పటి నుంచి ఎప్పటి మధ్య ఉండొచ్చో హెచ్‌ఆర్‌ను మెయిల్లోనే అడగండి. ఫోన్లో చెప్పిన మాట లెక్కలోకి రాదు. ఆ తేదీల్లో ముందుదానికి కనీసం వారం ముందు ఇంట్లో ఉండేలా చూసుకోండి. మెడికల్ టెస్టు, సర్టిఫికెట్ల పరిశీలన ఆ వారంలోనే ఉంటాయి.
- ఒరిజినల్ సర్టిఫికెట్లు వెంట తీసుకెళ్లొద్దు. స్కాన్ కాపీలు చాలు. అమ్మకో, అన్నయ్యకో అవి ఎక్కడున్నాయో చెప్పి వెళ్లండి.
- రెండు దేశాల గడియారం మనకంటే గంటన్నర ముందుంటుంది. ఇక్కడ ఉదయం 10కి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ అంటే అక్కడ 11.30. ఇంటర్వ్యూ ఉన్నరోజు డార్మ్‌లో కాకుండా సింగిల్ రూమ్ తీసుకోండి.
- మన సిమ్‌కు రోమింగ్ ఉంచుకోండి. బ్యాంకు ఓటీపీలు, పోర్టల్ ఓటీపీలు దానికే వస్తాయి. డేటాకు అక్కడి ఈ-సిమ్ చాలు.
- పాస్‌పోర్టుకు కనీసం ఆర్నెల్ల గడువుండాలి. లేకపోతే పరీక్షలకు ముందే రెన్యువల్‌కి పెట్టండి.
- తేదీలు, ఊళ్లు, హాస్టల్ నంబర్లు, ఎంబసీ నంబర్లు ఒక కాగితం మీద రాసి ఇంట్లో ఇవ్వండి. ‘ఎక్కడున్నావురా?’ అని నాన్న రోజూ అడగాల్సిన అవసరం ఉండదు. అమ్మాయిలు మహిళల డార్మ్ ఉన్న హాస్టళ్లే బుక్ చేసుకుని, లైవ్ లొకేషన్ ఇంట్లో ఒకరితో పంచుకోవడం మేలు.

ఇంటర్వ్యూలో ‘ఈ రెండు నెలలు ఏం చేశారు?’ అని అడిగితే తడబడక్కర్లేదు. ప్రపంచాన్ని చూసి ఎదిగానంటూ పెద్ద మాటలూ వద్దు. ఎంత బడ్జెట్ అనుకున్నారు, ఎంతలో ముగించారు, వాన వల్ల దారి మూసేస్తే ప్లాన్ ఎలా మార్చారు.. అంకెలతో రెండు వాక్యాలు చెబితే చాలు. రెండు దేశాల మధ్య రోజుల్ని ఎందుకలా పంచుకున్నారో కారణంతో చెప్పగలిగితే, మీకు నిర్ణయం తీసుకోవడం తెలుసని ఎదుటివారికి వేరే చెప్పక్కర్లేదు.